మూడు రోజుల సంవత్సరం

మంత్రి మధుకర్ గారు ఒక గ్రహాన్ని దత్తత తీసుకున్నారు.

మామూలు నాయకులు ఊళ్లను దత్తత తీసుకుంటారు. ఊరన్నాక జనం ఉంటారు, జనం ఉన్నాక మోరీలు బాగుచేయమంటారు. ఈ గ్రహంతో ఆ గోల లేదు. ఎక్కడో దూరాన ఒక నక్షత్రం, దాన్ని దాదాపు ఒరుసుకుంటూ తిరిగే రాకాసి గ్రహం. అంతా సలసల కాగే వాయువే. హైటెక్ సిటీలోని శాఖ కార్యాలయంలో మంత్రి గారు ఈ శుభవార్త ప్రకటిస్తుంటే, వెనకాల మంచినీళ్ల సీసాలు సర్దుతున్న ఈరమ్మ నోరు తెరుచుకుని వింది. ఆమె బోరబండ నుంచి రోజూ రైల్లో వచ్చి తొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసు ఊడుస్తోంది, ఔట్‌సోర్సింగ్‌లో. పర్మనెంటు కావాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

"శంకుస్థాపన ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నారు మంత్రి.

"అక్కడ నేల లేదు సార్," అన్నాడు డైరెక్టర్ రామచంద్రం.

"మరీ మంచిది. కబ్జా భయం ఉండదు. ఇంకేంటి విశేషాలు?"

"మూడు రోజుల్లో నక్షత్రాన్ని చుట్టేస్తుంది సార్. అక్కడ సంవత్సరమంటే మూడు రోజులే."

మంత్రి గారి కళ్లు మెరిశాయి. దార్శనికుడంటే ఆయనే మరి! రేపటి నుంచి శాఖలో గ్రహం క్యాలెండరే అమలన్నారు. ఐదేళ్ల అభివృద్ధి పదిహేను రోజుల్లో చూపిస్తామన్నారు. పదేళ్లు ఆగకుండా పనిచేసిన ప్రతి ఒక్కరూ పర్మనెంటు అన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ఈరమ్మ మెట్ల దగ్గర రామచంద్రాన్ని పట్టుకుంది.

"జర చెప్పుండ్రి సార్. నాకు తొమ్మిదేండ్లు అయినయి. ఇంకొక్కటే గద?"

"అవి భూమి మీది ఏండ్లు, చెల్లవు. రేపటి సంది కొత్త లెక్క. ఫికర్ చెయ్యకు, ముప్పై దినాలల్ల పదేండ్లు నిండుతయి."

ఈరమ్మ ఒక్క రోజు మానితే ఒట్టు. ఆదివారాలూ వచ్చింది. ఒళ్లు కాలే జ్వరంతో వచ్చింది. కూతురు అనూష కాన్పుకు దవాఖానలో ఉంటే, వియ్యపురాలిని పక్కన కూర్చోబెట్టి మరీ వచ్చింది. ప్రతి మూడో రోజు సాయంత్రం ఒక ఇంగ్లీషు కాగితం, మర్నాడు పొద్దున ఇంకో ఇంగ్లీషు కాగితం ఇచ్చేవాడు రామచంద్రం. సంవత్సరాంతం ఫార్మాలిటీ అనేవాడు. ఆయన వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం పెట్టింది.

ముప్పయ్యో రోజు శాఖ దశాబ్ది ఉత్సవం జరిగింది. ఈరమ్మను వేదిక మీదికి పిలిచారు. ఆమె కొంగు సర్దుకుని గబగబా ఎక్కింది. మంత్రి గారు శాలువా కప్పి, పది ఫైళ్లు చేతిలో పెట్టారు.

"పదేళ్లలో ఈ తల్లికి పది ఉద్యోగాలిచ్చాం! చరిత్రలో ఏ ప్రభుత్వమైనా ఇచ్చిందా?"

కెమెరాలు క్లిక్కుమన్నాయి. ఈరమ్మ కిందికి దిగి ఫైళ్లన్నీ తిరగేసింది.

"సార్, గిండ్ల పర్మనెంటు కాయిదం ఏది?"

"గదెట్లయితది ఈరమ్మా?" అన్నాడు రామచంద్రం జాలిగా. "పదేండ్లు ఆగకుండ చెయ్యాలె. నువ్వు తొమ్మిదిసార్లు రాజీనామా చేస్తివి."

"నేనెప్పుడు చేసిన సార్? బిడ్డ కాన్పుకు గూడ ఇంట్ల కూసోలే!"

రామచంద్రం జేబులోంచి పెన్ను తీసి, ఒక ఇంగ్లీషు కాగితం ముందుకు జరిపాడు.

"ఇయ్యాల ఏడాది ఆఖరు. జల్ది సంతకం పెట్టు. రేపు పొద్దుగాల నీకు మల్ల ఉద్యోగం ఇయ్యాలె."