ఏడు రోజుల అంబాసిడర్

కొత్తవలసలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే కాశీవిశ్వనాథం ఆ ఆదివారం పొద్దున్న ఉప్మా తింటూ వేసుకున్న పథకం చాలా చిన్నది. విజయనగరంలో ఉంటున్న బావ చంద్రమౌళి పాత అంబాసిడర్‌ను ఆయనకు తెలియకుండా తీసుకొచ్చి, ఏడు రోజుల్లో కొత్తదానిలా చేసి, ఎనిమిదో రోజున ఆయన షష్టిపూర్తిలో అందరి ముందూ నిలబెట్టాలి. అంతే.

చంద్రమౌళి అతని భార్య కన్యాకుమారికి అన్న, లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. కారు వాళ్ల నాన్నది. ఆయన పోయాక పదకొండేళ్లుగా పెరట్లోని రేకుల షెడ్డు కింద కదలకుండా ఉంది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి.

ఈ ఆలోచన టీవీలోంచి వచ్చింది. రెండేళ్లుగా మధ్యాహ్నం కొట్టు మూసి భోంచేశాక కాశీవిశ్వనాథం ఒక విదేశీ కార్యక్రమం చూస్తున్నాడు. అందులో నలుగురు మనుషులు ఒక తుప్పు కారును యజమానికి చెప్పకుండా ఎత్తుకొస్తారు. వారం తిరిగేసరికి అది అద్దంలా మెరుస్తుంది. నలభై భాగాలు చూశాక, జీవితంలో ఒక్క నట్టయినా విప్పని కాశీవిశ్వనాథానికి కార్ల గురించి తెలియనిది ఏమీ మిగల్లేదు.

చంద్రమౌళి తోటి మేష్టార్లతో తిరుపతి వెళ్లాడు. మోకాళ్ల నొప్పులవల్ల ఆయన భార్య ఝాన్సీలక్ష్మి ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరేమడిగినా తెలీదనే చెప్పాలని ఆమె దగ్గర మాట తీసుకుని, కాశీవిశ్వనాథం కారును లారీ ఎక్కించి కొత్తవలస తెచ్చాడు.

టింకరింగ్ షెడ్డు లక్ష్ముడు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపలికి కాలు పెట్టాడు. కాలు కారును దాటి నేలకు ఆనింది. ఆరు నెలలు పడుతుందన్నాడు. కాశీవిశ్వనాథం వాదించకుండా అతన్ని ఇంటికి తీసుకెళ్లి, రికార్డు చేసి ఉంచిన ఒక భాగం చూపించాడు. లక్ష్ముడు టీ తాగుతూ చివరిదాకా శ్రద్ధగా చూశాడు.

"బాబూ, తలుపు ఇప్పినప్పుడు ఆడికి గడ్డం నేదు. బిగించినప్పుడు సూడండి, బెత్తెడున్నాది."

"గడ్డం సంగతి నీకెందుకురా. తలుపు సంగతి సూడు."

సోమవారం సాయంత్రానికల్లా కారు మొత్తం విడిపోయింది. ఆ ఒక్క పని మాత్రం టీవీలో చూపించినంత వేగంగానే జరిగింది. ఇంజను లేతు షాపుకు వెళ్లింది. సీట్లు కవర్లు కుట్టేవాడి దగ్గరకు, నాలుగు తలుపులు విజయనగరంలో రంగులేసే నరసింగరావు దగ్గరకు వెళ్లాయి.

బుధవారం చంద్రమౌళి తిరిగొచ్చాడు. షెడ్డు ఖాళీగా కనిపించింది. భార్యను అడిగితే తెలీదంది. ఆమె ఎంత గట్టిగా తెలీదందంటే, వింటున్న ఇరుగుపొరుగు నలుగురూ కలిసి చంద్రమౌళిని స్టేషన్‌కు తీసుకెళ్లి ఫిర్యాదు రాయించారు. ఝాన్సీలక్ష్మి కంగారుగా ఫోన్ చేసింది. టీవీలోనూ యజమానులు పోలీసుల దాకా వెళతారని, అదంతా కార్యక్రమంలో భాగమేనని కాశీవిశ్వనాథం ఆమెకు ధైర్యం చెప్పాడు.

శుక్రవారం పేపరు జిల్లా పేజీలో వార్త పడింది: ఆకుపచ్చ అంబాసిడర్ చోరీ, డ్రైవరు వైపు తలుపు మీద యజమాని తండ్రి పేరు. ఆ సమయానికి నరసింగరావు సరిగ్గా ఆ పేరునే గీకుతున్నాడు. వార్త చూసి గీకడం ఆపి, నాలుగు తలుపులనూ ఆటోలో వేసుకుని తిన్నగా స్టేషన్‌కు వెళ్లిపోయాడు.

శనివారం కాశీవిశ్వనాథానికి కబురొచ్చింది. వెళ్లేసరికి స్టేషన్‌లో తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి. బల్ల మీద చంద్రమౌళి కూర్చుని ఉన్నాడు. ఇంకొకరైతే కాళ్లమీద పడేవారు. కాశీవిశ్వనాథం సంచిలోంచి కొత్త దుప్పటి తీసి తలుపుల మీద కప్పాడు.

"కళ్లు మూసుకో, బావా."

హెడ్ కానిస్టేబుల్ గణపతిరావు కూడా మూసుకున్నాడు. కాశీవిశ్వనాథం దుప్పటి లాగాడు. రెండు తలుపులు మీగడ రంగులో ఉన్నాయి, రెండు ఆకుపచ్చగానే ఉన్నాయి. చంద్రమౌళి వాటిని ఒక్కొక్కటిగా చూశాడు.

"మిగతాదేదీ?"

"వస్తాది."

విషయం అర్థమయ్యాక గణపతిరావు ఫిర్యాదు కాగితం చించేసి టీ తెప్పించాడు. టీ సగం తాగి చంద్రమౌళి గొంతు తగ్గించాడు.

"పోయిందనుకున్నాను, కాశీ. నాన్న కారు అమ్మేస్తే కన్యాకుమారి బాధపడతాదని పదకొండేళ్లు ఊరుకున్నాను. ఎవుడో పుణ్యాత్ముడు పట్టుకుపోయాడని షెడ్డు రేకులు పీకించీసి ఆ సోట బెండ గింజలు కూడా పెట్టీసినాను."

కాశీవిశ్వనాథం ఇంటికొచ్చి ఈ మాట చెబితే కన్యాకుమారి కూర తరగడం ఆపలేదు.

"అన్నయ్య బాధపడతాడని నేనూ ఊరుకున్నాను. ఆ కారెక్కితే నాకు సిన్నప్పట్నుంచీ వాంతులే."

ఎవరికీ అక్కర్లేని కారు ముక్కలన్నింటినీ పాత ఇనుముకు వేసేస్తే సరిపోయేది. కాశీవిశ్వనాథం వెయ్యలేదు. మొదలుపెట్టిన పని వదలనన్నాడు. షష్టిపూర్తికి బస్సులో వెళ్లొచ్చి, మర్నాటి నుంచి మధ్యాహ్నాలు టీవీ మానేసి లక్ష్ముడి షెడ్డులో కూర్చున్నాడు. నట్లు విప్పడం నేర్చుకున్నాడు. రెండు గోళ్లు నల్లబడ్డాయి. కిటికీ అద్దం ఎత్తే పిడి కోసం ఐదు ఊళ్లు తిరిగాడు. లక్ష్ముడు చెప్పిన ఆరు నెలలు కూడా తప్పే అయింది. పద్నాలుగో నెలలో ఇంజను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, ఇక ఆగలేదు. కాశీవిశ్వనాథం స్టీరింగు మీద తల ఆనించాడు.

ఆ ఏటి కార్తీక సోమవారం బావనూ ఝాన్సీలక్ష్మినీ ఎక్కించుకుని శ్రీముఖలింగం తీసుకెళ్లి తీసుకొచ్చాడు. కన్యాకుమారి రైల్లో ఆముదాలవలస దాకా వెళ్లి, అక్కణ్నుంచి బస్సెక్కి గుడి దగ్గర కలుసుకుంది. తిరిగొచ్చి విజయనగరంలో ఇంటి ముందు దిగేటప్పుడు చంద్రమౌళి బానెట్టును చేత్తో నిమిరి, చాలా బాగుందన్నాడు. పెరట్లో ఇప్పుడు చోటు లేదనీ, బెండ బాగా కాస్తోందనీ, బండి కాశీ దగ్గరే ఉండటం న్యాయమనీ చెప్పి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఇప్పుడది కొత్తవలసలో స్టీలు కొట్టు ముందు ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు దాని చుట్టూ తిరిగి లోపలికి రావాలి. అమ్మేయమని కన్యాకుమారి వారానికోసారి అడుగుతుంది. బావ బాధపడతాడని కాశీవిశ్వనాథం అమ్మడం లేదు.