గురునాథరావు పేరులోంచి రెండు ముక్కలు

ఆ సోమవారం ఉదయం వీరేంద్ర పెట్టుకున్న పని ఒక్కటే. సూర్యకళకు ఒక మాట చెప్పాలి. 2003లో, గాజువాకలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో అతను ల్యాబ్ అసిస్టెంటు. ఆమె యారాడలోని జాలరి ఇంటి నుంచి లైనక్స్ నేర్చుకోడానికి వచ్చే అమ్మాయి. మధ్యాహ్నంతో ఆమె కోర్సు అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఖాళీ కుర్చీని చూస్తూ ఎలా బతకాలో ఏ మాన్యువల్‌లోనూ రాసి లేదు.

కీబోర్డు మీది గుర్తులకు అక్కడ పేర్లు పెట్టింది ఆమే. హ్యాష్ వల, క్వశ్చన్ మార్కు గేలం, టిల్డ్ కెరటం. ఓనరు గురునాథరావుకూ అవే అలవాటయ్యాయి.

"వీరేంద్రా, నా ప్రింటు ఇరుక్కుందయ్యా. నా పేరులోకెళ్లి తీసెయ్. పాస్‌వర్డు వల, వల, గేలం, కెరటం," అని క్యాబిన్‌లోంచి అరిచాడాయన. కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సులు ఆగి విన్నాయి.

వీరేంద్ర ఒకరి పేరులోంచి ఇంకొకరి పేరులోకి మార్చే ఎస్‌యూ కమాండు కొట్టి, ఆ పాస్‌వర్డుతోనే ముందు రూట్‌లోకి, అంటే అన్నిటికీ పెద్ద ఖాతాలోకి, అక్కడినుంచి సారు పేరులోకి దూరాడు. ప్రింటు కదిలింది. ఆ ఊపులో బయటికి రావడం మరిచిపోయి, ఇంగ్లీషు అక్షరాల్లో సూర్యకళ తెర మీదికి పంపేశాడు: 'రేపట్నుంచి నువ్వు రాకపోతే ఈ ల్యాబ్ నడవదు.'

ఆమె తెర మీద పంపినవారి పేరు గురునాథరావు అని పడింది.

ఆమె తలతిప్పి క్యాబిన్‌ వైపు చూసింది. వీరేంద్ర గబగబా ఎగ్జిట్ కొట్టి, తన పేరులోకి వచ్చేశాననుకుని మళ్లీ రాశాడు: 'నేనున్నంతకాలం నువ్వూ ఉండాలి.' కానీ దూరింది రెండుసార్లు, బయటికొచ్చింది ఒక్కసారి. ఈసారి రూట్ నుంచి వెళ్లింది. అక్కడ రూట్ అంటే సారే.

సూర్యకళ లేచి క్యాబిన్‌లోకి వెళ్లింది.

"పర్మనెంటా సార్?"

"ఏంటమ్మా?"

"ఉద్యోగమండి. మీరే రాసారు కదా, రేపట్నుంచి రమ్మని. సేరతాను సార్. మా అయ్యకి నడుం పట్టేసి ఏటకెల్లక ఆర్నెల్లయిపోనాది."

గురునాథరావు వచ్చి తెర చూశాడు. కాదంటే పాస్‌వర్డు ఊరంతటికీ అరిచానని ఒప్పుకోవాలి.

"వీరేంద్రా, రాసింది నేనేనా?"

వీరేంద్ర నోరు తెరిచాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆమె తెరని వదిలేసి అతని మొహంలోకి చూస్తోంది.

"మీరే సార్."

"అయితే ఉన్న పోస్టు ఒకటే కదయ్యా."

"ఒకటే సార్."

"మీరేటి సేత్తారు మరి?" అంది సూర్యకళ మెల్లగా.

"నాను ఏటో ఒకటి సూసుకుంటానండి," అన్నాడు వీరేంద్ర, ఆమె యాసలోనే.

మర్నాడు వీరేంద్ర కొత్త బ్యాచ్‌లో విద్యార్థిగా చేరాడు. రెండు నిమిషాలు ఆలస్యమైనందుకు సూర్యకళ ఆబ్సెంటు వేసింది.