పదిహేను పొరల వంక

ముందే చెప్తున్నా, మధ్యలో నవ్వితే కథ ఆపేస్తాను.

పెళ్లయిన పదకొండేళ్లలో నేను ఒక్క ఉల్లిపాయ తరగలేదు. ఊరికే వచ్చిందా ఈ ఘనత? మా ఆవిడ "కాస్త కూరగాయలు తరిగి పెట్టండి" అన్నప్పుడల్లా కత్తి అందుకుని, బొటనవేలితో అంచు తడిమి, పెదవి విరిచి, "ఇది తెగదోయ్" అనేవాణ్ణి. తర్వాత సాన పెడతానని బయల్దేరేవాణ్ణి. నా సానకి ఏడు కత్తులు ప్రాణాలు వదిలి సొరుగులో వరసగా పడుకున్నాయి.

ఓ రోజు ఆవిడకి ఒళ్లు మండింది. "రేపే కొత్త కత్తి కొంటా. అప్పుడేం చెప్తారో చూస్తా!"

కొత్త కత్తంటే తెగే కత్తి. ఇక జన్మంతా ఉల్లిపాయలే.

"కొనడమెందుకు? నేనే చేస్తా," అనేశాను. "స్టెయిన్‌లెస్ రేకులు పొరలుగా పేర్చి, కాల్చి, సుత్తితో కొట్టి ఒక్కటి చేస్తే కత్తి మీద అలల్లాంటి గీతలొస్తాయిట. గీతలొచ్చిన రోజు నుంచీ తరగడం నా పని. ఒట్టు!"

"అంతా స్టీలే కదా, మరి గీతలెలా కనబడతాయండీ?"

"అదంతా నీకు అర్థం కాదులే."

నాకూ తెలీదు లెండి. స్టెయిన్‌లెస్ పొరలు ఒక పట్టాన అతుక్కోవని మాత్రం ఎక్కడో చదివాను. నా ధీమా అంతా అదే.

మా వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డుంది. అక్కడి పెద్దాయన చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు, అందుకే అందరికీ రవ్వల బాబాయి. అటక మీది పాత స్టీలు డబ్బాల మూతలన్నీ పట్టుకెళ్లాను. పట్టీలుగా కోసి, పేర్చి, తీగతో కట్టి కొలిమిలో పెట్టాం. మొదటి దెబ్బకే పొరలు పుస్తకంలా తెరుచుకున్నాయి.

"కాలేటప్పుడు గాలి తగిలితే స్టెయిన్‌లెస్ మీద ఓ పొర కడుతుందయ్యా. అది అతకనివ్వదు," అన్నాడు బాబాయి.

లోపల సంబరం, పైకి ఏడుపు మొహం. "కుదర్లేదోయ్," అన్నాను ఇంటికొచ్చి. "పాపం," అంది ఆవిడ.

అక్కడితో ఊరుకుంటే నేను బాగుపడేవాణ్ణే. కానీ అన్నం తింటుంటే ఒకటే ఆలోచన. గాలి తగలకుండా చేస్తే? చెయ్యి కడుక్కుని పరిగెత్తాను. "బాబాయ్, అంచులన్నీ చుట్టూ వెల్డింగ్ పెట్టి మూసేస్తే?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. మూసేశాం. కాల్చాం. కొట్టాం. అతుక్కుంది! గంతులేశాను. కత్తిలా అరగదీసి, గీతలు తేలడానికి ఆసిడ్‌లో ముంచి తీస్తే, ఒక్క గీత లేదు. అందులో నా మొహమే కనబడింది. టమాటా మీద పెడితే టమాటా జారి పారిపోయింది.

నిజానికి నేను పండగ చేసుకోవాలి. గీతలు లేవు, ఒట్టూ లేదు. కానీ నాకు ఏడుపొచ్చినంత పనైంది. "గీతలెక్కడికి పోయాయోయ్?" అన్నాను వంటింట్లో చతికిలబడి.

ఆవిడ ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి నా కత్తికి ఆనించింది. జారిపోయింది. సొరుగులోంచి ఓ చచ్చిన కత్తి తీసి ఆనించింది. టక్కున అతుక్కుంది.

"రెండూ స్టెయిన్‌లెస్సే, కానీ ఒక రకం కాదండీ. తెల్లచీర మీద తెల్లదారంతో కుడితే కుట్టు కనబడుతుందా?"

"నీకెలా తెలుసు?"

"రోజూ తోమేది నేనేగా!"

బుద్ధున్నవాడైతే అక్కడ ఆవలించి పడుకునేవాడు. నేను ఏడు కత్తులూ సంకలో పెట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను.

ఒక మూత, ఒక కత్తి, ఒక మూత. మొత్తం పదిహేను పొరలు. అంచు పదునుగా రావాలని అన్నిటికంటే మందమైన కత్తిని నడిమధ్య పెట్టాం. మూశాం, కాల్చాం, కొట్టాం, నూనెలో ముంచి గట్టిపరిచి అరగదీశాం. ఆసిడ్‌లోంచి తీసి నీళ్లు పోస్తే, ఒక నల్లగీత, పక్కనే ఒక తెల్లగీత, వంపులు తిరుగుతూ కొసదాకా పాకాయి. నిజంగా నా కళ్లు చెమర్చాయి.

"అమ్మాయి అన్నంతా అయింది," అన్నాడు బాబాయి.

"ఏ అమ్మాయి?"

"మీ ఆవిడేనయ్యా! మొదట్లోనే అయస్కాంతం తెచ్చి, రెండు రకాల స్టీలు కావాలి బాబాయ్ అని చెప్పిపోయింది. నీకు మాత్రం చెప్పొద్దంది. 'కొన్న కత్తయితే సాన పెట్టి చంపేస్తారు, తను కష్టపడి చేసుకున్నదాన్ని చంపలేరు' అంది."

కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాను. ఆవిడ కత్తిని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "అబ్బ, ఎంత బావుందండీ!" అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది, నాకు తెలుసు. వెంటనే నా ముందు బుట్టెడు ఉల్లిపాయలు పెట్టింది.

పదకొండేళ్ల అలవాటు ఊరుకుంటుందా? కత్తి అందుకుని, బొటనవేలితో అంచు తడిమి, పెదవి విరిచి, "ఇది తెగ..." అన్నాను.

వేలు తెగింది.

"తెగుతోందోయ్," అన్నాను.

"కనబడుతోంది," అంది ఆవిడ, గుడ్డపీలిక అందిస్తూ. "కట్టు కట్టుకుని మొదలెట్టండి."