ఐదో నంబరు గాలాలు

ఆ శుక్రవారం ఆర్మిందో ఫుర్తాదో నిద్ర లేస్తూనే బావమరిది సెరాఫింని తిట్టుకున్నాడు. ఊరికే తిట్టుకోలేదు. చారల చేపకు గాలం వేయడం వాడికి నేర్పింది తను. ఆటుపోట్ల లెక్క చెప్పింది తను. వాడి మొదటి గాలపు కర్ర కూడా తనదే. చూసి ఇస్తానని తీసుకెళ్ళి పదహారేళ్ళయింది, ఇంకా చూస్తూనే ఉన్నాడు. అలాంటివాడు నిన్న మంగలి కొట్లో పదిమంది ముందు, "మా బావ ఎరకని చెక్కే కొయ్యచేపకంటే విరిగిన కుర్చీ కాలు నయం. కనీసం ఒకప్పుడు దాని మీద ఎవడో కూర్చున్నాడు" అన్నాడట.

వాడి ఏడుపంతా జీను బండ గురించేనని ఆర్మిందోకు తెలుసు. న్యూ బెడ్‌ఫర్డ్‌కు దిగువన ఆ తీరంలో గాలం వేసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఏడాది మొత్తంలో అందరికంటే బరువైన చారల చేపను పట్టినవాడికి మరుసటి ఏడాదంతా జీను బండ మీద నిలబడే హక్కు. మిగతావాళ్ళు నాచు మీద జారుతూ, మోకాటి లోతు చన్నీళ్ళలో నిలబడాల్సిందే. తొమ్మిదేళ్ళుగా ఆ బండ ఆర్మిందోది. తొమ్మిదో తరగతిలో బడి మానేసి చేపలు కోసే షెడ్డులో చేరిన దగ్గర్నుంచీ ఈ లోకం అతనికి ఇచ్చిందంటూ ఏదైనా ఉంటే అది ఆ బండే. ఈ ఏడు అతని చేప నలభై ఒక్క పౌండ్లు తూగింది. సెరాఫింది నలభై. రేపు శనివారం పొద్దుటితో సరి, ఆ పైన పట్టినవి లెక్కలోకి రావు.

అతని పథకం చిన్నదే. కొత్తగా చెక్కిన పదంగుళాల కొయ్యచేపకు గాలాలు తగిలించి స్నానాల తొట్టెలో తేల్చి చూడడం, మధ్యాహ్నం ఒక కునుకు తీయడం, రేపు తెల్లవారుతూనే ఇంకో పెద్ద చేపను లాగి సెరాఫిం నోరు మూయించడం.

పెద్ద కొయ్యచేపకు గాలం ఎంచడం అంత తేలిక పని కాదు. పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి ముళ్ళ గాలాలు ఉంటాయి. పొట్ట గాలాన్ని స్వివెల్‌కు వేలాడదీస్తారు. స్వివెల్ అంటే గిర్రున తిరిగే ఇత్తడి కీలు. చిక్కిన చేప ఎటు మెలి తిరిగినా అదే తిరుగుతుంది తప్ప ముల్లు ఊడిరాదు. గాలం బరువు చాలకపోతే కొయ్యచేప వెల్లకిలా పడుతుంది. ఎక్కువైతే ఈత మానేసి మునుగుతుంది. సరిపోతే తాగి ఇంటికొచ్చే మొగుడిలా అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. చారల చేపలకు ఆ ఊపంటే పిచ్చి. అందుకని ఆర్మిందో ఎప్పుడూ తొట్టెలో నీళ్ళు పట్టి, సముద్రానికి సరితూగేలా పన్నెండు పౌండ్ల కల్లుప్పు కలిపి మరీ చూసుకునేవాడు. ఉప్పునీళ్ళలో కొయ్య ఎక్కువ తేలుతుంది కదా.

స్నానాల గదిలోకి వెళ్ళేసరికి తొట్టె నిండా నీళ్ళున్నాయి. భార్య దియోలిందా బంగాళాదుంపల కోసం బజారుకు వెళ్ళింది. రేపు సాయంత్రం గాలం వేసేవాళ్ళ క్లబ్బు విందులో అరవైమందికి ఉప్పుచేప వండే పని ఆవిడదే. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో మొదటిసారి పెళ్ళాం తన మనసెరిగి నీళ్ళు పట్టి పెట్టిందని ఆర్మిందో మురిసిపోయాడు. నీళ్ళు కాస్త చేపల వాసన వేశాయి. ఆ ఇంట్లో చేపల వాసన రాకపోతేనే అనుమానపడాలి. పన్నెండు పౌండ్ల ఉప్పూ కుమ్మరించి కలిపాడు.

ఎప్పుడూ వాడే మూడో నంబరు గాలాలతో కొయ్యచేపను వదిలాడు. అది బాతులా నీళ్ళ మీద కూర్చుంది. ఇంకాస్త బరువైన నాలుగో నంబరు పెట్టాడు. బాతు కాస్త సర్దుకుని కూర్చుంది. దానికి రెండు పెద్ద మేకులు కూడా కట్టాక దారికొచ్చింది.

"ఈసారి దేవదారు మరీ తేలిక" అని కలపను తిట్టి, ఐదో నంబరు గాలాలూ, దానికి తగ్గ లావుపాటి స్వివెళ్ళూ కొనడానికి నార్మ్ కొట్టుకు బయల్దేరాడు.

నార్మ్ విట్‌కాంబ్ కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఐదో నంబరా? దేనికి, గుర్రాన్ని కట్టెయ్యడానికా?"

"ఉన్నాయా లేవా?"

"ఎందుకు లేవు! ఆరేళ్ళనించి అలాగే పడున్నాయి. కావాలంటే దుమ్ము ఊరికే ఇస్తా."

పొయ్యి పక్కన కాఫీ తాగుతున్న వర్జిల్ అనే రిటైరైన పోస్టుమాన్ తల తిప్పాడు. "ఏం ఆర్మిందో, ఏవైనా కంటబడ్డాయా?"

"ఏం పడలేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా ఏం లేదంటున్నాగా!"

ఆ తీరంలో చేపల గురించి నిజం చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. 'చూశాను' అంటే ఎవరూ నమ్మరు. 'ఏమీ చూడలేదు' అని రెండుసార్లంటే మాత్రం అందరూ నమ్ముతారు, చూశాడని. కొయ్యచేపలు చెక్కడంలో చెయ్యి తిరిగిన ఆర్మిందో ఐదో నంబరు గాలాలు కొంటున్నాడంటే, మూడో నంబరుకు లొంగని చేపలేవో వచ్చినట్టే.

వర్జిల్ కాఫీ కప్పు దించి, "నాకూ రెండు ప్యాకెట్లు కట్టు నార్మ్. ఊరికే, ఇంట్లో ఉంటాయి" అన్నాడు. ఫోన్ కూడా ఓసారి వాడుకున్నాడు. ఆర్మిందో స్వివెళ్ళు ఏరుకునేలోపు నలుగురు వచ్చారు. ఆ నలుగురి బళ్ళూ బయట చూసి మరో నలుగురు వచ్చారు. వాళ్ళ మాటల్లో పొద్దున అరవై పౌండ్లున్న చేప పదకొండు గంటలకు డెబ్భై అయింది. ఇదంతా తన మాటతోనే మొదలైందని ఆర్మిందోకు తట్టలేదు. పైగా, నిజంగానే చేపలొచ్చాయి కాబోలనుకుని వాళ్ళకంటే ఎక్కువ కంగారుపడ్డాడు.

సెరాఫిం ట్రక్కు వచ్చి ఆగేసరికి గూట్లో రెండే ప్యాకెట్లు మిగిలాయి. ఆర్మిందో కిటికీలోంచి చూశాడు. తనకు కావలసినవి అప్పటికే జేబులో ఉన్నాయి. అయినా ఆ రెండూ తీసుకున్నాడు.

సెరాఫిం లోపలికొచ్చి ఖాళీ గూడు చూశాడు, బావ చేతిలో ప్యాకెట్లు చూశాడు.

"బావా, ఒక్కటివ్వు. డబ్బులిస్తాలే."

"నా గాలపు కర్ర ఇస్తావా?"

"ఏ కర్ర?"

"అదీ సంగతి."

"అక్కతో చెప్తా చూడు."

"చెప్పుకో. యాభైయ్యేళ్ళొచ్చాయి, ఇంకా అక్కతోనే చెప్పుకో."

"కాదు బావా, రేపందరూ ఏనుగుల్లాంటి చేపల్ని లాగుతుంటే నేనొక్కణ్ణీ తుప్పు పట్టిన మూడో నంబరుతో నిలబడాలా?"

"కుర్చీ కాలు వేసి చూడరా. కలిసొస్తుందేమో."

కొట్లో అందరూ నవ్వారు. ఆర్మిందో ఇంటికొచ్చి, మేకులు విప్పి కొత్త గాలాలు తగిలించి, చాలా ఏళ్ళ తర్వాత హాయిగా కునుకు తీశాడు.

శనివారం తెల్లవారేసరికి ఒడ్డున పదకొండుమంది ఉన్నారు. ఆర్మిందో జీను బండ ఎక్కి, నడుము బిగించి, బలంకొద్దీ విసిరాడు. కొయ్యచేప వెళ్ళి నీళ్ళలో పడింది. ఊగలేదు, ఈదలేదు. బావిలో పడ్డ చెంబులా మునిగింది. ఇదేమిటని ఒక్క గుంజు గుంజాడు. అవతల ఏదో గట్టిగా పట్టుకుంది. కర్ర విల్లులా వంగింది.

"పడింది!" అని అరిచాడు.

పక్కన వర్జిల్ అయోమయంగా తన దారం వైపు చూస్తున్నాడు. "నాది మునిగిపోతోందేంట్రా?"

"ఆర్మిందోదీ మునిగింది, చూళ్ళేదూ? అదే కిటుకు! చేపలు అడుగున ఉన్నాయి. మునగనియ్యి!" అన్నాడు అవతలివాడు.

వర్జిల్ మునగనిచ్చాడు. "నాకూ పడింది!" తర్వాత ఇంకొకడికి, ఆ తర్వాత వరసగా మరో ఏడుగురికి. పావుగంటలో పది కర్రలు వంగిపోయి ఉన్నాయి. పైన రోడ్డు మీద కార్లు ఆగాయి. డోనట్లు కొనడానికి బయల్దేరినవాళ్ళు డోనట్లు మర్చిపోయారు. ట్రాఫిక్ సర్దడానికి పోలీసు వచ్చి, సర్దడం మానేసి తనూ గట్టు మీద నిలబడ్డాడు.

"కదలట్లేదే!" అన్నాడు వర్జిల్ రొప్పుతూ.

"పెద్దవి అలాగే ఉంటాయి. బండల్లా ఉంటాయి" అన్నాడు ఆర్మిందో. ఆ రోజు అతనన్న నిజం అదొక్కటే.

అరగంటయ్యాక పోలీసు పైనుంచి కేకేశాడు. "ఏవండోయ్, ఒక్కమాట. మీ పదిమంది చేపలూ ఒకే వరసలో నిలబడి ఉన్నాయేంటి?"

పదిమందీ ఇంకా గట్టిగా లాగారు. ఆటు మొదలైంది. నీళ్ళు మెల్లగా తీశాయి. ముందు నాచు పట్టిన రాతి వరస ఒకటి పైకి తేలింది. తర్వాత దాని పొడవునా, క్రిస్మస్ చెట్టుకు వేలాడగట్టిన బొమ్మల్లా, ఎర్రవీ పచ్చవీ పది కొయ్యచేపలు బయటపడ్డాయి. చిన్న గాలాలైతే ముళ్ళు సాగి ఊడొచ్చేవి. ఐదో నంబరు గాలం సాగదు, లావుపాటి స్వివెల్ తెగదు. చాలా మంచి సరుకు. పదిమందీ కత్తులు తీసి దారాలు కోసుకున్నారు.

అప్పుడు ఒడ్డు చివరనుంచి సెరాఫిం కేక వినబడింది. మోకాటి లోతు నీళ్ళలో, తుప్పు గాలాల పాత కొయ్యచేపతో వాడు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. వాడి చేప మాత్రం కదులుతోంది. చాలా కదులుతోంది. వాడి చేతిలో వంగిన కర్రను ఆర్మిందో చూడగానే గుర్తుపట్టాడు. పదహారేళ్ళయినా పిడికి తను చుట్టిన నీలం దారం అలాగే ఉంది.

నార్మ్ తూచాడు. నలభై మూడు.

సాయంత్రం విందులో సెరాఫిం మూడో పళ్ళెం ఉప్పుచేప ముందేసుకుని పక్కన చేరాడు. "బావా, నీ మీద ఒట్టు, ఆ గాలాలు దొరికుంటే నేనూ మీ వరసలోనే వేలాడేవాణ్ణి. ఒక్క ప్యాకెట్టు ఇచ్చుంటే బండ నీదే. ఈ రుణం ఎలా తీర్చుకోను?"

"కర్ర ఇచ్చి తీర్చుకో."

"ఏ కర్ర?"

దియోలిందా గరిటె పట్టుకుని వచ్చింది. "ఏమయ్యా, తొట్టె అడుగున ఆ ఉప్పేంటి? నలభై పౌండ్ల ఉప్పుచేప ఉప్పు దిగడానికి రాత్రంతా ఊరిన నీళ్ళు. అసలే ఒట్టి ఉప్పు కషాయం. వచ్చాక పారబోద్దామని ఉంచితే మళ్ళీ దాన్లో ఉప్పు పోసిందెవరు?"

ఆర్మిందో చేతిలో ఫోర్కు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. బల్ల పొడవునా తొమ్మిది ఫోర్కులు ఆగిపోయాయి. వర్జిల్ అతని వైపే చూస్తూ నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు.

"నేను కాదు" అన్నాడు ఆర్మిందో. "ఏ ఉప్పూ చూళ్ళేదు. ఎక్కడా చూళ్ళేదు."

అందరూ నమ్మారు, చూశాడని. ఆ విధంగా ఆర్మిందో ఫుర్తాదో పోగొట్టుకున్న స్థలం పొడవు నాలుగడుగుల రెండంగుళాలు, వెడల్పు మూడడుగులు. పోటు వచ్చినప్పుడు అదీ ఉండదు.