నక్కకు తగిన గోలీ

ఆ రోజు పొద్దున భీమన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. హూరా పేటలో గురుమూర్తి సారుని కారెక్కించుకుని ఆఫీసులో దించాలి, బండి కడగాలి, మధ్యాహ్నం కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, ఇస్తున్న విందులో మటన్ బిర్యానీ కడుపారా తినాలి. అంతే. హత్యలూ చావులూ అందులో లేవు.

గురుమూర్తి అంటే భీమన్నకి ప్రాణం. ఉండదూ మరి! పోయినేడాది ఊళ్లో భార్య భీమవ్వకి ఆపరేషనైతే, కఫీల్‌తో పోట్లాడినంత పని చేసి సెలవు ఇప్పించి, విమానం ఎక్కేదాకా పక్కన నిలబడ్డ మనిషాయన. పైగా ఏం చేసినా ఆయనది ఒక పద్ధతి. ఆఫీసుకి టీ కెటిల్ కొనాలన్నా బజారంతా గాలించి, మూత తీసి వాసన చూసి మరీ కొంటాడు. నయీమ్ పేటలో భీమన్న గదిలో ఉండేవాళ్లకి ఈ కెటిల్ కథ కంఠతా వచ్చేసింది.

అందుకే కఫీల్ అబూ నాసిర్ ఈసారి ఓ చిత్రమైన ఎంపిక కూడా గురుమూర్తికే అప్పగించాడు. కఫీల్ ఆస్ట్రేలియాలో అల్లుడి గొర్రెల ఫారానికి వెళ్తున్నాడు. అక్కడ నక్కలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయట. వాటిని కొట్టడానికి చిన్న రైఫిల్లో ఏ తూటా మంచిదో తేల్చమన్నాడు. గురుమూర్తి జన్మలో తుపాకీ పట్టలేదు. అయితేనేం, దొరికిందల్లా చదివేశాడు. తూటా మరీ చిన్నదైతే నక్క గాయంతో పారిపోయి ఎక్కడో నరకం అనుభవిస్తుంది. మరీ పెద్దదైతే తోలు చీలికలు పేలికలవుతుంది, చప్పుడుకి గొర్రెలు బెదిరిపోతాయి. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలన్నదే ఆయన బెంగ.

ఇదేదీ భీమన్నకి తెలియదు. ఆ పొద్దున కారెక్కగానే గురుమూర్తి హైదరాబాదులో బావమరిది రవికాంత్‌కి ఫోన్ చేశాడు. రవికాంత్ రైఫిల్ క్లబ్బు మనిషి. హిందీ అలవాటుకొద్దీ తూటాని గోలీ అంటాడు. అతనితో మాట్లాడేటప్పుడు గురుమూర్తీ అలాగే అంటాడు. భీమన్న ఊళ్లో మాత్రం గోలీ అంటే జ్వరమొస్తే వేసుకునే మాత్ర.

"నక్కేనయ్యా రవీ. మహా జిత్తులమారి" అంటున్నాడు గురుమూర్తి.

స్టీరింగ్ పట్టుకున్న భీమన్న ముసిముసిగా నవ్వుకున్నాడు. నక్క అంటే స్టోర్సు చూసే జగ్గారావు. ఎవరు చేసిన పనైనా తనదేనని కఫీల్‌కి చెప్పుకునే ఆ మహానుభావుడికి గురుమూర్తే ఆ పేరు పెట్టాడు. కారు అద్దాలు ఎత్తి ఉన్నప్పుడు మాత్రమే వాడతాడు.

"పెద్ద గోలీ వద్దు. చిన్నది చాలు. కానీ ఒక్క గోలీతో ఖలాస్ అయిపోవాలి. బాధ తెలియకూడదు, పాపం. తోలు కూడా చెడకూడదు."

భీమన్న నవ్వు ఆగిపోయింది.

"అయితే ట్వెంటీ టూయే ఖాయం. ఇవాళ భోజనాల దగ్గర పని ముగించేస్తాను."

భీమన్న కారులోని తేదీ వంక చూశాడు. ఇరవై రెండు. అయ్యో, దేవుడసుంటి మనిషి జైలుకి పోతాడే! అంత భయంలోనూ సారుకి చెయ్యెత్తి మొక్కాలనిపించింది. పగవాడిని చంపేటప్పుడు కూడా నొప్పి తెలియకూడదని వెతికి వెతికి గోలీ ఎంచేవాడు ఈ లోకంలో ఇంకొకడుంటాడా?

పోలీసులకి చెబితే సారు పోతాడు. చెప్పకపోతే నక్క పోతాడు, ఆ వెనకే సారూ పోతాడు. జగ్గారావు నోట్లోకి ఏదీ పోకుండా చూడటం ఒక్కటే దారి.

విందు మొదలైంది. జగ్గారావు టీ కప్పు అందుకున్నాడు. భీమన్న మోచెయ్యి తగిలి అది నేలపాలైంది. జగ్గారావు బిర్యానీ పెట్టుకున్నాడు. "అది కారం సార్, మీకు పడది" అంటూ భీమన్న ప్లేటు లాక్కుపోయాడు. చివరికి గులాబ్ జామూన్ పెదాల దాకా వచ్చాక, "ఈగ వాలింది సార్!" అని చేతిమీద ఒక్కటిచ్చాడు. జామూన్ దొర్లుకుంటూ వెళ్లి కఫీల్ చెప్పుల దగ్గర ఆగింది.

"ఏటి నాయనా నీ గోల? తిననిస్తావా, సావమంటావా?" అని జగ్గారావు అరిచాడు.

"తినకపోతెనే బతుకుతరు సార్" అన్నాడు భీమన్న.

విందుకని పొద్దుటినుంచి ఏమీ తినలేదు, ఇప్పుడూ టీ లేదు, తిండి లేదు. జగ్గారావుకి తల పగిలిపోవడం మొదలైంది. రెండు చేతులతో నుదురు పట్టుకుని కూలబడ్డాడు. గురుమూర్తిది జాలిగుండె కదా, వెంటనే జేబులోంచి ఒక మాత్ర తీసి నీళ్లగ్లాసుతో సహా అందించాడు.

"ఇది వేసుకోండి జగ్గారావు గారూ. ఒక్కటి చాలు. మళ్లీ నొప్పన్నది తెలియదు."

భీమన్న చూశాడు. చిన్నదే! తెల్లగా, ముద్దుగా ఉంది. సారు ఎంపికంటే ఎంపికే. ఇంక ఆలోచించడానికి వ్యవధి లేదు. ఒక్క దూకు దూకి జగ్గారావు అరచేతిలోంచి మాత్ర లాక్కుని గుటుక్కున మింగేశాడు. మింగి, బిర్యానీ గిన్నెల పక్కన వెల్లకిలా పడుకుని చేతులు జోడించాడు.

"నేను పోతున్న. సారు మీద కేసు పెట్టకున్రి. ఆయన బంగారమసుంటి మనిషి. నక్క సార్, మీరు పిల్లలుగల్లోళ్లు, సల్లగుండున్రి. భీమవ్వకు చెప్పున్రి, పాణం సుఖంగనే పోయిందని."

గురుమూర్తికి విషయం అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తల బాదుకున్నాడు.

"ఒరే భీమన్నా! గోలీ అంటే తూటారా! ట్వెంటీ టూ అన్నది దాని సైజు! చంపాల్సింది ఆస్ట్రేలియాలో నక్కల్ని! నువ్వు మింగింది తలనొప్పి మాత్ర!"

భీమన్న లేచి కూర్చున్నాడు. బతికినందుకు కాదు, సారు మంచివాడేనని తేలినందుకు అతనికి కళ్లనీళ్లొచ్చాయి. సంగతి విన్న కఫీల్ పొట్ట పట్టుకుని నవ్వి, ఇంతకీ ఏ తూటా తేల్చావని అడిగాడు. ట్వెంటీ టూ హార్నెట్ అన్నాడు గురుమూర్తి. దూరం సరిపోతుంది, తోలు చెడదు, చప్పుడు తక్కువ, నక్కకి బాధ ఉండదు. "ఖలాస్, అదే!" అన్నాడు కఫీల్, ఆయన భుజం తట్టి. అందరూ చప్పట్లు కొట్టారు.

జగ్గారావు మాత్రం కొట్టలేదు.

"అంతా బాగుంది గురుమూర్తి గారూ. నక్కలు ఆస్ట్రేలియావైతే ఈడు నన్నెందుకు కాపాడినట్టు? నక్క సారని నన్నెందుకన్నట్టు?"

చప్పట్లు ఆగిపోయాయి. గురుమూర్తి కళ్లజోడు తీసి తుడిచాడు. ఆయన ముఖం పాలిపోవడం చూసి భీమన్న గుండె తరుక్కుపోయింది.

"అది గౌరవం సార్" అన్నాడు తొణక్కుండా. "మా దిక్కు బాగ తెలివున్నోళ్లను నక్క అంటం. పెద్దపెద్దోళ్లనే అంటం. అందరిని అనం."

జగ్గారావుది శ్రీకాకుళం. భీమన్న ఊరున్న కరీంనగర్ వైపు ఎవరినేమంటారో ఆయనకేం తెలుసు? ముఖం చాటంత చేసుకుని మీసం దువ్వాడు.

"ఓహో! మరి మీ సారుని కూడా అలాగే పిలుస్తావా?"

భీమన్న గురుమూర్తి వంక భక్తిగా చూశాడు.

"లేదు సార్. ఆయనకంత తెలివి లేదు."

అందరికంటే ముందు గురుమూర్తే తల ఊపాడు.