నలభై పతకాలూ, మా అక్కా

చదువుకు మా జిల్లా కళాశాలలో దక్కినంత గౌరవం ఈ ద్వీపాల్లో మరెక్కడా దక్కలేదు. ఈ ఏడాది పట్టా పుచ్చుకున్న నలభై ఒక్క మందిలో నలభై మందికి లాటిన్ గౌరవం వచ్చింది, అంటే మంచి మార్కులకు పట్టా మీద లాటిన్‌లో మెప్పు రాసి, మెడలో పతకం వేస్తారు. రానిది మా అక్క దలిసాయ్‌కి ఒక్కదానికే.

మార్కులు తక్కువయ్యాయని అనుకోకండి. అందరికంటే ఆమెకే ఎక్కువ. వేసవి సెలవుల్లో కూడా చదివింది కాబట్టి ఆఖరి సెమిస్టర్‌కు నాలుగు సబ్జెక్టులే మిగిలాయి. గౌరవం దక్కాలంటే నియమం ప్రకారం ప్రతి సెమిస్టర్‌లోనూ ఐదైనా ఉండాలి. ఆ సంగతి రిజిస్ట్రార్ మకాస్పాక్ గారు చల్లగా చెప్పారు.

"మిగిలినవే నాలుగు కదా సార్, ఐదోది ఎక్కణ్ణుంచి తేను?" అంది అక్క.

"ముందు ఏదో ఒకటి తప్పి ఉంటే ఐదయ్యేవిగా."

"తప్పితే గౌరవం ఇవ్వరు కదా సార్?"

"ఇవ్వం," అన్నారాయన, అక్కకు ఇప్పటికి అర్థమైనందుకు సంతోషిస్తూ.

నియమం మార్చాలంటే మూడు కమిటీలు కూర్చోవాలట. అవి అక్టోబరులో గానీ కూర్చోవట.

అక్క బెంగ పతకం గురించి కాదు. లాటిన్ గౌరవం ఉన్నవాళ్ళకు సర్కారు ఉద్యోగానికి పరీక్ష అక్కర్లేదు. మేయరు ఆఫీసులో గుమాస్తా కుర్చీ ఖాళీగా ఉంది. పరీక్ష మళ్ళీ మార్చిలో. కుర్చీ అప్పటిదాకా ఆగదు.

అక్కకు గౌరవం వచ్చేసిందని అమ్మ అప్పటికే చేపల బజారంతా చాటేసింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, లాటిన్ మనీలా నుంచి ఓడలో రావాలి, గాలివాన వల్ల ఆలస్యమైందని చెబుతోంది. మా ఊరి కెప్టెన్ గారు, అంటే మేం ఓట్లేసి గెలిపించిన ఊరిపెద్ద, అభినందనల బ్యానరు కట్టించారు. అందులో ఆయన ముఖం తలుపంత, అక్క పేరు ఎండుచేపంత. విషయం తెలియగానే పేరున్న ముక్క కత్తిరించి, మిగతాది అలాగే ఉంచారు. ఎవరూ తేడా కనిపెట్టలేదు.

పట్టాల రోజున నలభై పేర్లు పిలిచారు. నలభై మంది తల్లులు వేదికెక్కి పతకాలు తగిలించారు. ముఖ్య అతిథి మేయరు గారు ముప్ఫయ్యో పతకం దగ్గరే నిద్రపోయారు. చివర్న, గౌరవం లేని పిల్ల అని మైకులో చెప్పడానికి మొహమాటపడి, "ఇక మిగిలింది ఒకే ఒక్కరు, దలిసాయ్ మనలస్తాస్," అన్నాడు పేర్లు పిలిచే మాస్టారు.

ఆ మాటకు మేయరు గారికి మెలకువ వచ్చింది. అక్కను పక్కన నిలబెట్టుకుని మైకు లాక్కున్నారు. నలభై మందిని దాటి ఒంటరిగా నిలిచిన ఈ బంగారుతల్లే కళాశాలకు శిఖరమనీ, సోమవారం నుంచి తన ఆఫీసులో గుమాస్తా అనీ ప్రకటించారు. సభ లేచి నిలబడింది. పక్కనున్న ప్రిన్సిపాల్ మేడమ్ ఆయన చెవిలో ఏదో చెప్పబోయింది. ఆయన అటు తిరగలేదు.

మకాస్పాక్ గారు తెర వెనక్కి పరుగెత్తారు. మూడు కమిటీలూ అక్కడే నిలబడి సమావేశమయ్యాయి. ఒక సభ్యుడు తక్కువైతే తెర లాగే ఆయన్ని కలుపుకున్నారు. ఫొటో తీయడం పూర్తయ్యేలోపు అక్క మెడలో పతకం పడింది. అది ఎవరి మెడలోంచి తీశారో నేను చూశాను గానీ చెప్పను.

వేదిక దిగుతూ అక్క మెల్లగా అడిగింది.

"నియమం మార్చారా సార్?"

"నియమాలు మారవమ్మా," అన్నారు మకాస్పాక్ గారు చెమట తుడుచుకుంటూ. "మేయరు గారు పొరబడరు అనేది వాటన్నిటికంటే పాత నియమం."