తువ్వాలు కింది బేరం

బంగారుపాళ్యం చుట్టుపక్కల పది ఊళ్ళలో చెంగయ్య కన్నుగప్పి ఒక్క మామిడికాయ కోసినవాడు పుట్టలేదు. బెల్లం ముక్క ఎత్తుకుపోయే చీమను చూసి, అది ఏ ఇంటి గోడలోకి దూరుతుందో ముందే చెప్పగల చూపు అతనిది. ఆ చెంగయ్య ఒక సోమవారం పొద్దున్నే తోపు దున్నుదామని ఎద్దులు తోలుకుపోయి, మోకు మరచిపోయి వెనక్కి వచ్చాడు. వచ్చినవాడు వాకిట్లోనే నిలబడిపోయాడు.

తిన్నె మీద అతని తండ్రి గురప్ప, పశువుల దళారి మునెయ్య ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి కుడిచేతుల మీదా ఒకే తువ్వాలు కప్పి ఉంది.

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి తేల్చుకుంటారు. ఒప్పుకున్నాక మాట తప్పడం ఉండదు. గురప్ప నలభై ఏళ్ళు ఆ పని చేసినవాడే. కానీ రెండేళ్ళుగా ఆయనకు మతి నిలవడం లేదు. కోడలి పేరు మరిచాడు, కొడుకు ముఖం మరిచాడు. పోయిన నెల సంతకని లేచి పలమనేరు రోడ్డున నాలుగు మైళ్ళు నడిచిపోయాడు. "ఇంకొకసారి ఇల్లు దాటినాడంటే ఏర్పేడులో అక్క ఇంటికాడ దించేసి వస్తా" అని చెంగయ్య అప్పుడే తేల్చి చెప్పాడు. ఎనిమిదేళ్ళ కూతురు వసంత ఆ పూట అన్నం ముట్టలేదు. తాత చెయ్యి పట్టుకోనిదే దానికి నిద్ర రాదు. చిత్రంగా, ఆనాటి నుంచి గురప్ప తిన్నె దిగలేదు.

"ఏం బేరం మునెన్నా?" అన్నాడు చెంగయ్య.

"తువ్వాలు కింది మాట బయట చెప్తారా అప్పా?" అని మునెయ్య నవ్వాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మంగళవారం చెంగయ్య పనిగట్టుకుని తొంగిచూశాడు. ఈసారి ఇంకో దళారి పెంచలయ్య. బుధవారం ఆదిమూలం. అదే తిన్నె, అదే తువ్వాలు.

"మతీ లేదు, గితీ లేదు. అంతా నాటకం!" అని పెళ్ళాం దగ్గర పళ్ళు నూరాడు. "మొన్న ఎద్దులు, నిన్న ఆవు, ఈ పొద్దు తోపు. వరసగా అమ్మేస్తాండాడు."

"మామకు నా పేరే తెలీదు. నీ ఎద్దుల్ని యెట్ట అమ్ముతాడయ్యా?" అంది చంద్రకాంతమ్మ.

"ఓహో, నువ్వుగూడా వాళ్ళ జట్టేనా?"

గురువారం ఎద్దులను బావమరిది ఊరికి తోలి దాచిపెట్టాడు. దారిలో చూసినవాళ్ళు చెంగయ్య ఎద్దులు అమ్మేశాడని చెప్పుకున్నారు. సాయంత్రానికి ఎవరో వచ్చి "ఆవుగూడా ఇస్తారంట గదా?" అని అడిగారు. చెంగయ్య ఆవునూ అక్కడికే తోలాడు. కొట్టం ఖాళీ కావడంతో అతను ఊరే వదిలిపోతున్నాడని పుకారు పుట్టింది. శుక్రవారం తెల్లారేసరికి ఒక కాయల వ్యాపారి వాకిట్లో నిలబడి "తోపు నాకియ్యి చెంగయ్యా" అన్నాడు. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు చెంగయ్య పెళ్ళాం వైపు చూశాడు.

ఆ వ్యాపారిని పంపేసి, గడ్డివామి వెనక దాక్కున్నాడు. మునెయ్య వచ్చి తువ్వాలు కప్పగానే కర్రతో బయటికి దూకాడు.

"దిగు నా తిన్నె! వదులు చెయ్యి!"

"వద్దప్పా, వదిలితే..."

"వదలమంటాండానా!"

మునెయ్య వదిలాడు. గురప్ప తాపీగా లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తిన్నె దిగి రోడ్డు పట్టాడు. చెంగయ్య వెనకాలే పరుగెత్తి "నాయనా, నిలబడు!" అని అరిచాడు. ఆయన ఆగలేదు. ఎదురుగా చిత్తూరు బస్సు వస్తోంది. పలక చంకన పెట్టుకుని బడికి బయలుదేరిన వసంత గొంతు చించుకుంది.

"నాయనా, బేరం పెట్టు! బేరం మజ్జిలో తాత లెయ్యడు!"

చెంగయ్య ఆ తువ్వాలే లాగి, దాని కింద తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. గురప్ప టక్కున రోడ్డు నడిమధ్యనే చతికిలబడ్డాడు. చెంగయ్యా కూలబడ్డాడు. బస్సు కీచుమని ఆగి హారన్ కొడుతుంటే, వసంత ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది.

"నేను బడికి పోతే తాతను ఎవురు పట్టుకుంటారు? అందుకే దినానికొకరు రమ్మని అడుక్కున్నా. ఏర్పేడుకు పంపిస్తావని నీకు చెప్పొద్దన్నా."

పది ఊళ్ళు కాచే కంటికి సొంత తిన్నె నెల రోజులుగా కనబడలేదన్న మాట.

గురప్ప కొడుకును ఎగాదిగా చూశాడు. "ఎవురబ్బా నువ్వు? ఎద్దులు యాడుండాయి?"

"బావమరిది ఊర్లో..." అని నసిగాడు చెంగయ్య.

"సరుకు దాచిపెట్టి బేరానికొచ్చినావా? దొంగ మాదిరి ఉండావే!"

"మంచోడే తాతా," అంది వసంత ముక్కు చీదుతూ.

"నువ్వు చెప్తే సరేలే పాపా," అని ముసలాయన చెయ్యి ఇంకాస్త బిగించాడు.

ఏర్పేడు ఊసు మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. శనివారం వంతు చెంగయ్య తీసుకున్నాడు.

ఇందులో బస్సు ఆగిందన్నది మాత్రం కల్పించింది. ఆ దారి బస్సులు చెయ్యెత్తినా ఆగవు.